జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అయ్యాక, అండ లేని కొత్త న్యాయవాదికి దారి ఏది?

ప్రశ్న
రాసినవారు: పల్నాడు విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్నాను. అంతకు ముందు బీకాం పూర్తి చేసి, రెండేళ్లు ఒక ఆడిటరు గారి దగ్గర జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే పనిలో ఉన్నాను. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాన్న కౌలు రైతు, మిర్చి వేస్తారు. మా ఇంట్లో గానీ బంధువుల్లో గానీ న్యాయవాద వృత్తిలో ఉన్నవారు ఒక్కరూ లేరు. లాసెట్ రాసి ఈ చదువులో చేరిన రోజు నుంచి నా ఆలోచన ఒక్కటే: పట్టా చేతికి రాగానే ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని చదివి జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలని. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

ఆ తీర్పు ప్రకారం పరీక్ష రాయడానికి కనీసం మూడేళ్లు న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి ఉండాలి. 2002లో అదే న్యాయస్థానం ఈ నిబంధన అక్కరలేదని చెప్పినందువల్లే మా కాలేజీలో ముందు చదివినవారు ఎందరో నేరుగా పరీక్షకు కూర్చోగలిగారు. తీర్పు తప్పని నేను అనడం లేదు. సాక్షి బోనులో నిలబడి వణికే మనిషిని ఎన్నడూ దగ్గర నుంచి చూడని వారు బెంచి మీద కూర్చుంటే కక్షిదారులకు ఏం నష్టమో నాకూ అర్థమవుతుంది. అయితే ఆ మూడేళ్లూ గది అద్దె, భోజనం, బస్సు చార్జీలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే నాలాంటి వారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న.

ప్రస్తుతం నా ముందు రెండు అవకాశాలు ఉన్నాయి. నరసరావుపేటలో ఒక సీనియర్ న్యాయవాది గారు “రామ్మా, పని నేర్పుతాను, డబ్బు సంగతి మాత్రం ఇప్పుడే అడగవద్దు” అన్నారు. హైదరాబాదు మాదాపూర్‌లో ఒక కంపెనీ కాంట్రాక్టులు పరిశీలించే ఉద్యోగం ఇస్తామంటోంది, నెలకు 28,000. “మూడేళ్లు ఎలాగోలా నేను చూసుకుంటానులే” అని నాన్న అంటున్నారు గానీ, కిందటేడాది మిర్చి అప్పు ఇంకా తీరలేదన్న సంగతి నాకు తెలుసు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది కదా, అది నిజంగా ఎవరికైనా అందుతోందా? కృత్రిమ మేధ వచ్చి డ్రాఫ్టింగ్ పనులన్నీ అదే చేసేస్తుందని మా తరగతిలో చాలామంది భయపడుతున్నారు. పదేళ్ల తరువాత జిల్లా కోర్టు న్యాయవాదికి పని ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

సమాధానం 1
రాసినవారు: తెనాలి న్యాయవాది, 22 ఏళ్ల ప్రాక్టీసు

అమ్మా, ముందుగా తేదీల విషయం చెబుతాను, ఎందుకంటే ఇక్కడ నెలలు పోగొట్టుకునే వారిని నేను కళ్లారా చూస్తున్నాను. మీ మూడేళ్లూ ఆలిండియా బార్ పరీక్ష పాసైన రోజు నుంచి కాదు, బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా ఎన్‌రోల్ అయిన (న్యాయవాదిగా పేరు నమోదైన) రోజు నుంచే లెక్కకు వస్తాయని ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి ఫలితాలు వచ్చి పట్టా అందిన వెంటనే ఎన్‌రోల్‌మెంటుకు దరఖాస్తు చేయండి. బార్ పరీక్ష పాసవడానికి ఆ తరువాత రెండేళ్ల గడువు ఉంటుంది. ఎన్‌రోల్‌మెంటు పేరుతో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేయడం చెల్లదనీ, 1961 అడ్వకేట్స్ చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీలైతే 125కు మించి తీసుకోరాదనీ 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు తెలియక అప్పు చేసి డబ్బు సమకూర్చుకుంటున్న పిల్లలు ఇప్పటికీ నాకు కనిపిస్తున్నారు. ప్రాక్టీసు చేసినట్టు ధ్రువపత్రాన్ని కనీసం పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది ఇవ్వాలి, దాని మీద ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలి. అందువల్ల మొదటి నెల నుంచే వకాలతులో (కక్షిదారు తన తరఫున వాదించమని ఇచ్చే పత్రంలో) మీ పేరు పెట్టించుకోండి, మీరు హాజరైన కేసుల నంబర్లు, తేదీలు ఒక పుస్తకంలో రాసుకోండి.

ఇక డబ్బు. బార్ కౌన్సిల్ చెప్పింది సిఫారసే తప్ప, ఇవ్వని సీనియర్‌ను ఎవరూ అడగలేరు. మా బార్‌లో ఆ మొత్తం ఇచ్చేవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది కూడా లేరు. నేను నా జూనియర్లకు నెలకు 8,000 ఇస్తాను. అది చాలదని నాకు తెలుసు, చెప్పుకోవడానికి సిగ్గుగానూ ఉంటుంది. “మేము చేరిన రోజుల్లో మాకు ఎవరిచ్చారు” అని కొందరు పెద్దలు అనే మాటను నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో ఇంట్లో పొలమో వ్యాపారమో ఉన్నవారే ఈ వృత్తిలో నిలబడగలిగారు, లేనివారు నల్లకోటు విప్పి వేరే పనికి వెళ్లిపోయారు. అలా వెళ్లిపోయిన వారిలో నాకంటే సమర్థులు ఉన్నారు. ఇప్పుడు జడ్జి పదవికి కూడా ఆ మూడేళ్లే వాకిలి అయినప్పుడు, ఆ మూడేళ్లకు జీతం లేకపోవడం మీ ఇంటి సమస్య మాత్రమే కాదు, రేపు బెంచి మీద ఎవరు కూర్చుంటారన్న సమస్య.

పని ఉంటుందా అని అడిగారు. పనికి కొదవ లేదు. భూమి తగాదాలు, చెల్లని చెక్కుల కేసులు, మోటారు ప్రమాద పరిహారాలు, భరణం, బ్యాంకు రుణాల ఆస్తి పత్రాల పరిశీలన, ఇవన్నీ ఏ పట్టణ కోర్టుకైనా ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. పైగా మీ తరానికి మా తరానికి లేని ఒక సౌకర్యం దొరికింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ వంటి పాత నేర చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాయి. ఇరవై ఏళ్లుగా హత్యకు 302, మోసానికి 420 అని నోటికి వచ్చిన మేము ఇప్పుడు 103, 318 అని వెతుక్కుంటున్నాము. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఏ చట్టం, ఆ తరువాత దర్యాప్తుకు ఏ చట్టం అన్న చర్చ వచ్చినప్పుడు, శ్రద్ధగా చదివిన జూనియరు మాట మా ఆఫీసులో పెద్దల మాటకంటే ముందు చెల్లుతోంది. ఈ-ఫైలింగ్ కూడా అంతే. స్కాన్ చేసి, పేజీలకు నంబర్లు వేసి, అభ్యంతరం రాకుండా దాఖలు చేయగల జూనియరు లేనిదే చాలామంది సీనియర్లకు రోజు గడవదు.

కాబట్టి ఏ ఊరు అన్నదానికంటే ఎవరి ఆఫీసు అన్నదే మీరు ఎక్కువగా ఆలోచించవలసిన విషయం. చేరేముందు ఒక వారం రోజులు సాయంత్రం ఏడు తరువాత ఆ ఆఫీసులో కూర్చుని చూడండి. దావా ఎవరు రాస్తున్నారు, సాక్షి చీఫ్ అఫిడవిట్ (మొదటి వాంగ్మూలం రాత ప్రతి) ఎవరు తయారు చేస్తున్నారు, క్రాస్ ఎగ్జామినేషన్‌కు ముందురోజు సీనియర్ జూనియర్లను పక్కన కూర్చోబెట్టుకుంటారా, గమనించండి. జూనియర్లు పొద్దున వాయిదాలు అడిగి, మధ్యాహ్నం కాపీయింగ్ సెక్షన్ చుట్టూ తిరిగి, సాయంత్రం ఇంటికి వెళ్లిపోయే ఆఫీసులో మూడేళ్లు ఉన్నా ధ్రువపత్రం వస్తుంది గానీ పని రాదు.

చిన్న పని అని దేన్నీ వదలవద్దని చెప్పడానికి మా ఆఫీసులో జరిగినదే చెబుతాను. ఏడెనిమిదేళ్ల క్రితం ఒక చెక్కు కేసు. చెక్కు తిరిగి వచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు ఆగాలి, ఆ తరువాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. మేము నోటీసు పోస్టు చేసింది 3వ తేదీన, ఎదుటివారికి అందింది 8న. మా జూనియర్ 3 నుంచి లెక్కపెట్టి 20నే ఫిర్యాదు వేసేశాడు. కాగితాలు నా ముందుకు వచ్చినప్పుడు నేను నోటీసు అందినట్టు పోస్టులో తిరిగి వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద ముద్ర చూడకుండా సంతకం పెట్టాను. వాదనల దశలో ఎదుటి న్యాయవాది ఆ కార్డు తీసి జడ్జి గారికి చూపించారు. 15 రోజులు నిండకముందు వేసిన ఫిర్యాదు అసలు ఫిర్యాదే కాదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అంతవరకూ నడిచిన విచారణ అంతా పోయింది. మళ్లీ వేసుకునే అవకాశాన్ని ఆ తీర్పే ఇచ్చింది గనుక కక్షిదారు డబ్బు మునగలేదు గానీ, ఆయన రెండేళ్లు తిరిగిన తిరుగుడు వృథా అయింది. రెండో ఫిర్యాదు ఖర్చులన్నీ నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి మా ఆఫీసులో తేదీల లెక్క ఇద్దరు వేరువేరుగా వేస్తారు.

సమాధానం 2
రాసినవారు: హైదరాబాదులో కంపెనీ న్యాయ విభాగంలో ఉద్యోగి, 9 ఏళ్లు

తెనాలి సర్ చెప్పిన వాటితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. మాదాపూర్ ఉద్యోగం గురించి మాత్రం మీకు ఎవరూ చెప్పని ఒక సంగతి చెప్పాలి. బార్ కౌన్సిల్ నియమాల్లో 49వ నియమం ప్రకారం పూర్తికాలపు జీతం తీసుకునే ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు, ఉద్యోగంలో చేరినప్పుడు సనదును (ప్రాక్టీసు అనుమతిని) నిలుపుదల చేయించుకోవాలి. అంటే అక్కడ మీరు ఎన్నేళ్లు పనిచేసినా జడ్జి పరీక్షకు కావలసిన మూడేళ్లలో అది ఒక్క రోజు కూడా కలవదు. ఉద్యోగ ప్రకటనలో “లీగల్” అన్న మాట చూసి, ఇదీ ప్రాక్టీసే అనుకుని చేరిన ఇద్దరు మా విభాగంలోనే ఉన్నారు. ఇద్దరికీ ఇప్పుడు ముప్పై దగ్గర పడుతోంది.

కృత్రిమ మేధ గురించి మీ తరగతిలోని భయం కోర్టు పని విషయంలో కంటే మా పని విషయంలో ఎక్కువ నిజం. గోప్యతా ఒప్పందాలు, అద్దె ఒప్పందాలు, సరఫరాదారులతో చేసుకునే మామూలు కాంట్రాక్టులు, వీటి మొదటి పరిశీలనకు మేము ఇదివరకు కొత్తవారిని తీసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ మొదటి చదువు సాఫ్ట్‌వేర్ చేస్తోంది, దాని తప్పులు పట్టుకోగల అనుభవం ఉన్న ఒక్కరు చాలుతున్నారు. తప్పులు పట్టుకోవడం అన్నది చిన్న మాట కాదు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను ఉదహరించి దాఖలు చేసిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ తీర్పులు ఉన్నాయా లేవా అని ఒక్కసారి తెరిచి చూసి ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదు. ఆ తెరిచి చూసే అలవాటు కోర్టు ఆఫీసులో జూనియరుగా ఉన్నప్పుడే వస్తుంది. మా విభాగానికి దరఖాస్తులు వచ్చినప్పుడు నేను ముందుగా పక్కన పెట్టుకునేవి నాలుగైదేళ్లు కోర్టులో తిరిగి వచ్చినవారివే.

పెద్ద లా ఫర్ముల గురించి ఆశలు పెట్టుకోవద్దని కూడా నిర్మొహమాటంగా చెబుతున్నాను. వారు నేరుగా చేసుకునే నియామకాలు ఎక్కువగా కొన్ని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లోనే జరిగిపోతాయి. సాధారణ కళాశాల నుంచి వచ్చినవారికి ఆ తలుపు మొదటి రోజు తెరుచుకోవడం అరుదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం, నేనూ అటువంటి కళాశాల నుంచే వచ్చాను. స్థిరమైన జీతమే ముఖ్యమైతే బ్యాంకుల లా ఆఫీసరు పోస్టులకు ఐబీపీఎస్ పరీక్ష ఉంది. ఎల్‌ఎల్‌బీ, ఎన్‌రోల్‌మెంటు ఉంటే చాలు, ముందస్తు ప్రాక్టీసు అడగరు, అయితే వయసు ముప్పై దాటకూడదు.

మీ బీకామ్‌ను, ఆడిటరు గారి దగ్గర చేసిన రెండేళ్లను మీరు చాలా తక్కువగా చూస్తున్నారనిపించింది. జీఎస్టీ 2017 జులైలో వచ్చినా, దాని అప్పిలేట్ ట్రైబ్యునల్ 2025 సెప్టెంబరులో గానీ ప్రారంభం కాలేదు. ఇన్నేళ్లుగా ఆగిపోయిన అప్పీళ్లన్నీ ఇప్పుడు అక్కడికి చేరవలసి ఉంది. రిటర్ను చదవడం వచ్చిన న్యాయవాదులు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో మీ ఆడిటరు గారినే అడగండి.

సమాధానం 3
రాసినవారు: ఒంగోలు న్యాయవాది, నాలుగో ఏడు

చెల్లీ, మా నాన్న ఆర్టీసీ కండక్టరు. మా ఇంట్లోనూ నేనే మొదటి ప్లీడరును, కాబట్టి మీ ప్రశ్నలో ప్రతి వాక్యం నాకు తెలిసినదే. నేను చేరినప్పుడు లా నేస్తం పథకం ఉండేది. 2019 డిసెంబరు 3న మొదలైన ఆ పథకం కింద కొత్త న్యాయవాదులకు మూడేళ్లపాటు నెలకు 5,000 ఇచ్చేవారు. నా హాస్టలు గది దానితోనే గడిచింది. ఆ ఐదు వేలు లేకపోతే నేను మొదటి ఏడాదే ఇంటికి తిరిగి వెళ్లిపోయేదాన్నని ఇప్పటికీ అనుకుంటాను. ఏ ప్రభుత్వం ఉన్నా ఇటువంటి సాయం ఆగకుండా ఉండాలని మనం గట్టిగా అడగాలి.

మీకు తెలియవలసిన మరో దారి ఉంది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి కింద, న్యాయవాదిని పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించడానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు న్యాయవాదులను పూర్తికాలానికి తీసుకుంటాయి. అందులో అసిస్టెంట్ పోస్టులు మూడేళ్లలోపు అనుభవం ఉన్నవారి కోసమే. ప్రతి నెలా గౌరవ వేతనం వస్తుంది, సొంత కేసులు మాత్రం తీసుకోకూడదు. నేను ఏడాదిన్నర అందులో పనిచేశాను. సబ్‌జైలుకు వెళ్లి ముద్దాయితో మాట్లాడటం, బెయిలు పిటిషను అక్కడికక్కడే రాయడం, మేజిస్ట్రేటు గారు అడిగిన ప్రశ్నకు వెనక్కి తిరిగి సీనియర్ వైపు చూడకుండా జవాబు చెప్పడం, ఇవన్నీ నాకు అక్కడే వచ్చాయి. మా జిల్లా కోర్టు వెబ్‌సైటులో నోటిఫికేషన్ పడినప్పుడు పట్టుమని పది మంది కూడా చూడరు. మీరు మీ జిల్లాది, గుంటూరుది ప్రతి వారం చూస్తూ ఉండండి.

యంత్రం అన్నీ చేసేస్తుందన్న భయానికి నా అనుభవం ఒకటి చెబుతాను. నిరుడు ఒక విభాగ (ఆస్తి పంపకాల) దావాలో 1958 నాటి క్రయ దస్తావేజు వచ్చింది. అంతా గొలుసుకట్టు రాత, మడతల దగ్గర కాగితం చిరిగిపోయి ఉంది. టైపు చేసి దాఖలు చేసిన ప్రతిలో తూర్పు హద్దు “దొడ్డి” అని ఉంది. మా సీనియర్ గారు కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, వెలుతురులో పట్టుకుని నన్ను చదవమన్నారు. పావుగంట చూశాక అది “దొడ్డి” కాదు, “డొంక” (పొలాల మధ్య బండ్లు వెళ్లే బాట) అని తెలిసింది. ఎకరం పదిహేను సెంట్ల విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వచ్చినప్పుడు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యం ఇస్తారు కాబట్టి, ఆ ఒక్క మాట మీద డొంక పక్కనున్న స్థలం మా కక్షిదారుదా కాదా అన్నది ఆధారపడి ఉంది. తరువాత నేను ఊరికి వెళ్లి, ఆ డొంక ఇప్పుడు సిమెంటు రోడ్డు అయిందని పక్క పొలం ముసలాయన చూపిస్తే ఫొటోలు తీసుకొచ్చాను. ఆయనే మాకు సాక్షిగా వచ్చారు. ఇటువంటి పని మన పల్లెల్లో పుట్టి, ఆ మాటలు చెవిన పడుతూ పెరిగిన మనకే ఎక్కువగా వస్తుంది. మీ నాన్నగారు కౌలు రైతు అని మీరు ఇబ్బందిగా రాసినట్టు అనిపించింది. అడంగల్‌లో (ఎవరు ఏ భూమి సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డులో) కౌలుదారు పేరు ఎందుకు ఎక్కదో మీకు పుస్తకం చదవకుండానే తెలుసు కదా.

ఆడపిల్లగా ఒక జాగ్రత్త. ఆఫీసు ఎన్ని గంటల వరకు ఉంటుంది, చివరి బస్సు ఎప్పుడు, ఆ ఆఫీసులో ఇదివరకు ఆడపిల్లలు జూనియర్లుగా పనిచేశారా, చేసి ఉంటే ఎందుకు వెళ్లిపోయారు, ఇవి నేరుగా అడగండి. నేను చేరిన మొదటి ఆఫీసులో ఇవేమీ అడగలేదు, ఆరు నెలలకే మారవలసి వచ్చింది. అడగడం తప్పు కాదు, అడిగినందుకు చిన్నబుచ్చుకునే సీనియర్ దగ్గర చేరకపోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారి ప్రతిస్పందన

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. 49వ నియమం సంగతి మా కాలేజీలో వృత్తి ధర్మాల పేపరులో చదివాను గానీ, అది నా జీవితానికి వర్తిస్తుందని ఇప్పుడే అర్థమైంది. కంపెనీ వారికి రాలేనని రేపే మెయిల్ పెడతాను. అక్కా, నాన్న గురించి మీరు అన్న మాట ఆయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సర్, ఒక చిన్న సందేహం. ఆడిటరు గారు నన్ను మళ్లీ రమ్మంటున్నారు. ప్రతి నెలా రిటర్నుల గడువు ముందు వారం రోజులు సాయంత్రాలు వచ్చి కాగితాలు చూసిపెడితే నెలకు ఆరు వేలు ఇస్తామన్నారు. పొద్దున నరసరావుపేట సీనియర్ గారి దగ్గర ఉంటూ ఇది చేయవచ్చా?

తెనాలి న్యాయవాది జవాబు

అమ్మా, జీతగత్తెగా వారి రిజిస్టరులో మీ పేరు ఎక్కకూడదు. నెలజీతం అన్న మాటే వద్దు. ఎన్‌రోల్ అయ్యాక జీఎస్టీ నోటీసులకు జవాబులు, అప్పీళ్లు న్యాయవాదిగా మీరే చూసి, ఒక్కో పనికి ఫీజు తీసుకుని, రసీదు ఇచ్చే పద్ధతిలో మాట్లాడుకోండి. అప్పుడు అది ఉద్యోగం కాదు, ప్రాక్టీసులో భాగమే. చేరే ముందు మీ సీనియర్ గారికి ఈ విషయం దాచకుండా చెప్పండి. ఆ ఏడు రోజులు మిమ్మల్ని సాయంత్రం ఆరింటికి వదలగలరా అని అడగండి. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే ఇక్కడ మళ్లీ రాయండి. నరసరావుపేటలో జూనియర్లకు పని చెప్పే సీనియర్లు మరో ఇద్దరు నాకు తెలుసు, వారితో నేను మాట్లాడతాను.